పొగమంచులో చిన్న విమానాన్ని ఎలా దించాలి?

అమెరికాలో ప్రైవేటు పైలట్ లైసెన్సు తెచ్చుకుని, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ శిక్షణలో అడుగుపెడుతున్నవారి కోసం ఈ పాఠం. విమానం సెస్నా 172, దిగే పద్ధతి ఐఎల్ఎస్ (ఇన్‌స్ట్రుమెంట్ ల్యాండింగ్ సిస్టమ్). శిక్షకుడు పక్కన ఉన్నప్పుడే సాధన చేయండి. అసలు మాట ముందే చెప్పేస్తాను: పొగమంచులో దిగే ప్రతిసారీ ‘మళ్లీ పైకి లేవబోతున్నాను’ అనుకునే మొదలుపెట్టాలి. రన్‌వే దగ్గరి దీపాలు కనబడితే ఆ ఆలోచన మార్చుకుని దిగుతాం.

రేటింగ్ ఇంకా రాలేదా?

అయితే మీకు ఒకటే మెట్టు. ముందున్న దారి మసకబారుతుండగానే, మబ్బులోకి చొరబడకముందే వెనక్కి తిరగండి. 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరికరాల శిక్షణ లేని 20 మందిని, బయట ఏమీ కనబడని పరిస్థితి కల్పించి విమానం నడపమంది. ఇరవై మందీ అదుపు తప్పారు. అందుకు పట్టిన సమయం సగటున 178 సెకన్లు. లోపం వారి తెలివిలో లేదు. కంటికి ఆధారం దొరకనప్పుడు, విమానం మెల్లగా పక్కకు ఒరిగితే చెవి లోపలి ద్రవం దాన్ని పసిగట్టదు. ఒరిగి ఉన్న విమానమే తిన్నగా ఉన్నట్టనిపిస్తుంది. అదే పరిశోధకులు ఆ పైలట్లకు పరికరాలు చూస్తూ 180 డిగ్రీలు తిరిగి బయటపడడం నేర్పితే, దాదాపు అందరూ నేర్చుకున్నారు. సెకనుకు 3 డిగ్రీల చొప్పున తిరిగితే అది ఒక్క నిమిషం పని.

1999 జులై 16 రాత్రి అధ్యక్షుడు కెనడీ కుమారుడు జాన్ ఎఫ్. కెనడీ జూనియర్ మార్తాస్ వినియార్డ్ దీవి వైపు పైపర్ సరటోగా నడుపుతూ సముద్రంలో కూలిపోయారు. ఆయనకు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ లేదు. చీకటి, మసక వాతావరణంలో దిశాభ్రమకు లోనై అదుపు తప్పారని దర్యాప్తు తేల్చింది. ఆ రాత్రి ఆయన మబ్బుల్లోకి వెళ్లలేదని గుర్తుంచుకోండి. నీటి మీది మసకే చాలింది.

నేల మీద ఉండగానే

వాతావరణ నివేదికలో ఉష్ణోగ్రతనూ డ్యూ పాయింటునూ పక్కపక్కన పెట్టి చూడండి. వాటి మధ్య తేడా రెండు మూడు డిగ్రీలకు తగ్గి, ఆకాశం నిర్మలంగా ఉండి గాలి ఆడకపోతే తెల్లవారుజామున పొగమంచు పడుతుందనుకోవాలి. చాలాచోట్ల ఎండ ఎక్కాక అది విడిపోతుంది. కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో చలికాలంలో కమ్మే టూలీ పొగమంచు మాత్రం రోజుల తరబడి కదలకపోవచ్చు. ఫ్రెస్నోకి వెళ్తూ ప్రత్యామ్నాయంగా బేకర్స్‌ఫీల్డ్ రాసుకున్నారనుకోండి, రెండూ ఒకే లోయలో ఉన్నాయి. ఆ మంచు పట్టని చోటు చూసుకోవాలి, కొండలు దాటి వెళ్లాల్సి వచ్చినా సరే. గమ్యానికీ, అక్కణ్నుంచి ప్రత్యామ్నాయానికీ సరిపోయే ఇంధనంతోపాటు మరో 45 నిమిషాలకు ఉండాలన్నది నిబంధన. నన్నడిగితే అంతకన్నా ఎక్కువే నింపుకోండి. ఇంధనం తక్కువైన పైలట్ నిర్ణయాలు తొందరపాటుగా ఉంటాయి.

చార్టులో ముందు చదవాల్సింది

అప్రోచ్ చార్టులో మొదట మిస్డ్ అప్రోచ్ (దిగకుండా మళ్లీ పైకి లేవడం) సూచనలు చదవండి: ఎటు తిరగాలి, ఎంత ఎత్తుకు ఎక్కాలి. పైకి చదివి గుర్తుపెట్టుకోండి. తర్వాతే ఫ్రీక్వెన్సీ, రన్‌వే దిశ, నిర్ణయపుటెత్తు (దీపాలు కనబడకపోతే పైకి లేవాల్సిన ఎత్తు). మామూలు ఐఎల్ఎస్‌కు ఆ ఎత్తు నేల నుంచి 200 అడుగులు, కావలసిన దృశ్యత సాధారణంగా అర మైలు. ఫ్రీక్వెన్సీ పెట్టాక మోర్స్ సంకేతం విని, అది మీ రన్‌వేదేనని రూఢి చేసుకోండి.

ఆల్టిమీటర్ సెట్టింగు రెండుసార్లు సరిచూడండి. అంగుళంలో పదో వంతు ఎక్కువగా పెడితే, విమానం ఆల్టిమీటర్ చూపేదానికన్నా సుమారు 100 అడుగులు కిందుంటుంది. చేతిలో ఉన్నదే 200 అడుగులు!

దిగుడు

ఐఎల్ఎస్ రెండు రేడియో దారులనిస్తుంది. లోకలైజర్ ఎడమ కుడి తేడా చెబుతుంది, గ్లైడ్‌స్లోప్ పై కింది తేడా చెబుతుంది. రెండూ కలిసి గరాటులా రన్‌వే వైపు సన్నబడతాయి, కాబట్టి దగ్గరపడే కొద్దీ చిన్న పొరపాటుకే సూది పెద్దగా కదులుతుంది. గ్లైడ్‌స్లోప్‌ను ఎప్పుడూ కింది నుంచే అందుకోండి. పైన నిటారుగా ఉండే తప్పుడు సంకేతాలు కూడా ఉంటాయి.

వేగం 90 నాట్లు, ఫ్లాప్స్ 10 డిగ్రీలు, ట్రిమ్ సరిచేసుకోవాలి. ఇంజన్‌కు ఎంత ఆర్‌పీఎం కావాలో ఎండ కాసే రోజునే శిక్షకుడితో తేల్చుకుని ఉండాలి. నేల మీది వేగంలో సగం తీసుకుని చివర సున్నా చేరిస్తే దిగాల్సిన రేటు వస్తుంది: 90 నాట్లకు నిమిషానికి 450 అడుగులు. చూపు ఆటిట్యూడ్ ఇండికేటర్ మీద మొదలై, ఒక్కో పరికరాన్నీ పలకరించి, మళ్లీ దాని దగ్గరికే రావాలి. సూది వెంట పరుగెత్తకండి. దిశ ఐదు డిగ్రీలు మార్చి, ఫలితం కోసం ఆగండి. ఏ సూదైనా చివరి దాకా జరిగిపోయిందంటే ఇక సర్దుకోవాలని చూడొద్దు, పైకి లేవండి.

200 అడుగుల దగ్గర

కొత్తవారు ఇక్కడ రన్‌వే కోసం వెతుకుతారు. లెక్క చూడండి: ఆ ఎత్తులో రన్‌వే అంచు ఇంకా దాదాపు 2,800 అడుగుల ముందుంది. అర మైలు అంటే 2,640 అడుగులు. అంటే సరిగ్గా కనిష్ఠ దృశ్యత ఉన్న రోజున రన్‌వే కనబడదు. కనబడేవి దాని ముందు పరచిన అప్రోచ్ దీపాలు. అవి కనబడితే, దృశ్యత కూడా చాలితే, నిబంధన ప్రకారం 100 అడుగుల దాకా దిగవచ్చు. అంతకన్నా కిందికి పోవాలంటే రన్‌వే అంచో, దాని దీపాలో, గీతలో కనబడాలి.

దీపాలు కనబడగానే ముక్కు కిందికి వంచాలని ప్రాణం లాగుతుంది. వంచకండి. అదే వాలు, అదే వేగం. ఫ్లాప్స్ కూడా కదపొద్దు. ఐఎల్ఎస్ ఉన్న రన్‌వేలు సాధారణంగా సెస్నాకు కావలసినదానికన్నా చాలా పొడవుంటాయి. పలచని పొగమంచు మరో ప్రమాదం. పై నుంచి రన్‌వే చక్కగా కనబడుతుంది, తీరా నేల తాకే ముందు ఆ పొరలో మునిగి అంతా తెల్లబడుతుంది. అప్పుడూ పైకే.

పైకి లేవడం

థ్రాటిల్ పూర్తిగా ముందుకు. ముక్కు పైకి. పాత విమానమైతే కార్బ్యురేటర్ హీట్ ఆపండి. ఎత్తు పెరుగుతోందని ఆల్టిమీటర్ చూపాకే ఫ్లాప్స్ తీయండి. వేగం పుంజుకుంటుంటే ముక్కు మరీ పైకి లేచినట్టు శరీరం భ్రమపెడుతుంది. దాన్ని నమ్మి కిందికి తోస్తే నేల దగ్గర్లోనే ఉంది. ఆటిట్యూడ్ ఇండికేటర్ ఏం చెబితే అదే. చార్టులో చదివిన దారి పట్టాక కంట్రోలర్‌తో మాట్లాడండి. ఆయన కాసేపు ఆగగలడు.

దృశ్యత మెరుగైందని నివేదిక వస్తే తప్ప రెండోసారి ప్రయత్నించవద్దు, ప్రత్యామ్నాయానికి వెళ్లండి. రేటింగ్ వచ్చిన కొత్తలో 200 అడుగుల దాకా పోకుండా, మబ్బు అడుగు కనీసం 500 అడుగులు, దృశ్యత ఒక మైలు పైన ఉంటేనే బయల్దేరతానని సొంత హద్దు గీసుకోండి. ఆరు నెలల్లో ఆరు అప్రోచ్‌లు చేసి ఉండాలని నిబంధన అడుగుతుంది. వాటిలో సగమైనా, దీపాలు కనబడుతున్నా సరే, మళ్లీ పైకి లేవడంతో ముగించండి.