రాతిలోని చమురు – నీటిలోని ఉప్పు

కొయ్యూరు మన్యపు విద్యార్థులకు బొర్రా గుహలు కొత్త కావు. వాననీరు గాలిలోను, నేలలోను ఉన్న బొగ్గుపులుసు వాయువును తనలో కలుపుకొని, సున్నపురాతిని యుగాల తరబడి కరగించగా ఏర్పడినవే ఆ గుహలు. నీటికి, సున్నపురాతికి గల ఈ అనుబంధమే నేడు భూగర్భంలోని చమురును వెలికితీసే శాస్త్రానికి ఒక కొత్త దారి చూపుతున్నది.

చమురు భూమిలో చెరువువలె నిలిచి ఉండదు. తడిగుడ్డలో నీరు ఇమిడి ఉన్నట్లు, రాతిలోని సూక్ష్మరంధ్రాలలో ఇమిడి ఉంటుంది. మన గోదావరి డెల్టాలో చమురు ఎక్కువగా ఇసుకరాతి పొరలలో లభిస్తున్నది. 1974లో ముంబయి తీరానికి సుమారు 160 కిలోమీటర్ల దూరాన, అరేబియా సముద్రంలో ‘సాగర్ సామ్రాట్’ త్రవ్విన బావిలో బయటపడిన బాంబే హై క్షేత్రంలో మాత్రం ప్రధాన నిల్వ సున్నపురాతిలోనే ఉన్నది. ప్రపంచ చమురు నిల్వలలో సగానికి పైగా ఇటువంటి కార్బొనేటు శిలలలోనే ఉన్నదని అంచనా.

బావి త్రవ్విన కొత్తలో భూగర్భంలోని ఒత్తిడి వల్ల చమురు తనంతట తానే పైకి వస్తుంది. ఒత్తిడి తగ్గినపుడు వేరొక బావి ద్వారా నీటిని లోనికి పంపి చమురును నెట్టుతారు. అయితే నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. లోనికి పోయిన నీరు రాతి పగుళ్లను వెతుక్కొని సులువైన దారిన సాగిపోతుంది. సన్నని రంధ్రాలను అంటిపెట్టుకొన్న చమురు అక్కడే నిలిచిపోతుంది.

ఆ చమురు రాతిని ఎందుకు వదలదు? సున్నపురాతి ఉపరితలంపై సాధారణంగా ధనావేశం ఉంటుంది. చమురులోని ఆమ్ల పదార్థాలకు ఋణావేశం ఉంటుంది. ఈ రెండూ పరస్పరం ఆకర్షించుకొంటాయి. కనుక బలం పెంచినంత మాత్రాన ఆ బంధం తెగదు. నీటి గుణాన్ని మార్చాలి. ఉప్పునీటిలో సబ్బు నురగ రాక జిడ్డు వదలని సంగతి మన ఇండ్లలో తెలిసినదే. ఇక్కడి కారణం వేరైనా, నీటిలో ఏ లవణాలు ఉన్నవో దానిని బట్టి ఫలితం మారుతుందన్న నీతి ఒక్కటే.

నార్వే సముద్రతీరానికి దూరంగా ఉన్న ఎకోఫిస్క్ క్షేత్రం సుద్దరాతిది. అక్కడ 1987 నుండి సముద్రజలాన్ని పెద్ద ఎత్తున లోనికి పంపుతున్నారు. మొదట ఐదవ వంతు చమురైనా తీయలేమని భావించిన ఆ క్షేత్రంలో, నేడు సగానికి మించి రాగలదని అంచనా. దానికి నీరొక్కటే కారణం కాకపోయినా, నీటి పాత్ర గొప్పది. సముద్రజలంలోని సల్ఫేటు అయాన్లు రాతిని చేరి దాని ధనావేశాన్ని తగ్గిస్తాయి. అపుడు కాల్షియం అయాన్లు దగ్గరకు వచ్చి, చమురులోని ఆమ్లాలతో కలిసి వాటిని రాతినుండి విడదీస్తాయి. మామూలు ఉప్పు అధికంగా ఉంటే అది రాతిచుట్టూ గుమిగూడి, ఈ ఉపకారులకు దారి ఇవ్వదు.

2010 ప్రాంతంలో సౌదీ అరాంకో పరిశోధకులు ఈ విషయాన్ని ప్రయోగశాలలో పరీక్షించారు. సముద్రజలం తీయగలిగినంత తీసిన పిమ్మట, దానినే రెండు రెట్లు, తరువాత పది రెట్లు పలుచన చేసి రాతిలోనికి పంపగా మరికొంత చమురు చెప్పుకోదగినంతగా వచ్చింది. ఇరవై రెట్లు పలుచన చేసిన నీటితో లభించినది స్వల్పమే. నూరు రెట్ల పలుచనతో ఏమీ రాలేదు.

ఈ పద్ధతికి పరిమితులు లేకపోలేదు. సముద్రజలం నుండి ఉప్పు తొలగించుటకు వ్యయమవుతుంది. ఒక రాతికి సరిపడిన నీరు మరొక రాతికి సరిపడకపోవచ్చు. తాగునీటికి, సాగునీటికి కొరత ఉన్నచోట మంచినీటిని ఇందుకు వాడుట న్యాయం కాదు. కనుక ప్రతి క్షేత్రపు రాతిని, చమురును, నీటిని ముందుగా పరీక్షించవలసి ఉన్నది.

మన దేశం తనకు కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా విదేశాల నుండి కొనుక్కొంటున్నది. చమురు వాడకం తగ్గించుకొనవలసిన ఈ కాలంలో కూడా, కొత్తచోట్ల భూమిని త్రవ్వే ముందు పాత బావులలో మిగిలినది ఎంతో విచారించుట వివేకం. బలంతో కానిది కొన్నిసార్లు గుణం తెలిసి మెలగడం వల్ల సాధ్యమవుతుంది. సున్నపురాయి మనకు నేర్పే పాఠం ఇదే.

ప్రశ్నలు

1. లోనికి పంపిన నీరు చమురునంతటిని నెట్టలేకపోవడానికి కారణాలేవి?
2. సల్ఫేటు, కాల్షియం అయాన్లు చేసే పనిని సొంత మాటలలో వివరించండి.
3. మీ ఊరి బావినీటికి, ఏటినీటికి గల భేదాన్ని గమనించి పది వాక్యాలు వ్రాయండి.