పాత బుల్లెట్: దారిలో ఆగకుండా నడుపుకొనే విధానం

పాల సేకరణకు, దాణా సరఫరాకు, వారపు సంతలలో బట్టల వ్యాపారానికి పాత బుల్లెట్‌ను వాడుకొనే ఖాతాదారులు నేటికీ ఉన్నారు. వీరికి బండి ఆగిపోవడమంటే ఆ పూట రాబడి ఆగిపోవడమే. క్యాన్లలో పాలు విరిగితే ఒక నష్టం, ఆ నెల వాయిదా తప్పితే మరొక నష్టం. అయితే దారిలో వచ్చే చిక్కులలో చాలా భాగం ఒక స్పానరు, ఒక స్క్రూడ్రైవరుతో సరిచేసుకోదగినవే. పోత ఇనుప ఇంజను, పాయింట్లు గల 350 సీసీ బండికి సంబంధించిన ముఖ్య విషయాలను ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఇంజను స్వభావం

ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో పుట్టిన ఈ బండిని మన దేశంలో తయారుచేయడానికి 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడినది. సిలిండరు వ్యాసం 70 మి.మీ., పిస్టన్ కదిలే దూరం 90 మి.మీ. ఈ దూరం ఎక్కువ కాబట్టి ఇంజను నెమ్మదిగా తిరుగుతూనే బరువును లాగగలదు. కాని పోత ఇనుము వేడిని త్వరగా వదలదు. ఎండలో గంటల తరబడి వేగంగా తోలరాదు. గేరు కుడికాలికి, వెనుక బ్రేకు ఎడమకాలికి ఉంటాయి. కొత్తవారు ముందుగా ఖాళీ స్థలంలో అలవాటు చేసుకోవలెను.

స్టార్టు చేయు పద్ధతి

తాళం వేసి కిక్కును మెల్లగా నొక్కవలెను. ఆమ్మీటరు ముల్లు మధ్యకు వచ్చిందంటే పాయింట్లు విడిపోయాయని అర్థం. అప్పుడు డీకంప్రెసర్ లివర్ పట్టుకొని కిక్కును మరికొంచెం దించి, లివర్ వదిలి, కిక్కును పైకి రానిచ్చి ఒక్కసారి పూర్తిగా తన్నవలెను. ముల్లును చూడకుండా బలం కొద్దీ తన్నితే కిక్కు ఎదురు తన్ని కాలికి గాయం కావచ్చు.

ఆగినచో వరుసగా చూడవలసినవి

ఒకసారి పాడి రుణాల తనిఖీకి వెళ్తుండగా నా బండి నాలుగైదు కిలోమీటర్లకొకసారి ఆగిపోసాగింది. ప్లగ్గు మార్చాను, ఫలితం లేదు. కాయిలు మార్చవలెనని ఒక మెకానిక్ చెప్పాడు. చివరకు పాలు పోసే ఒక రైతు వచ్చి ట్యాంకు మూత తీశాడు. 'సుస్సు'మని గాలి లోపలికి పోయింది, బండి స్టార్టయినది. మూతలోని గాలి రంధ్రం మట్టితో మూసుకుపోవడమే కారణం. గాలి లోపలికి రానిదే పెట్రోలు కిందికి దిగదు. సైన్సు చదివిన నాకు తట్టనిది ఆయనకు అనుభవంతో తట్టింది. ఖర్చు లేని కారణాలను ముందు చూడవలెనని ఆనాడు నేర్చుకున్నాను.

1. పెట్రోలు: ట్యాపు, మూత రంధ్రం, గొట్టం చూడవలెను. యాక్సిలరేటరు ఇస్తే నడిచి, వదిలితే ఆగిపోతుంటే కార్బురేటరులోని పైలట్ జెట్‌లో మురికి చేరి ఉండవచ్చు.

2. నిప్పురవ్వ: ప్లగ్గును విప్పి, క్యాపుకు తగిలించి, దాని లోహపు భాగాన్ని ఇంజనుకు ఆనించి కిక్కు కొట్టవలెను. నీలి రవ్వ రావలెను. చుట్టుపక్కల పెట్రోలు ఒలికి ఉండరాదు.

3. పాయింట్లు: పూర్తిగా విడినపుడు వాటి మధ్య దూరం 0.35 నుండి 0.40 మి.మీ. ఉండవలెను. పాయింట్ల వద్దనే పెద్ద మెరుపు కనిపిస్తే కండెన్సరును అనుమానించవలెను. వేడెక్కాక ఆగి, చల్లారాక స్టార్టయితే కండెన్సరు గాని, కాయిలు గాని కారణం కావచ్చు.

ప్లగ్గు కొన కాఫీపొడి రంగులో ఉంటే మంట సక్రమం. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా ఉంటే తక్కువ. నూనె తడి ఉంటే రింగులు అరిగినట్లు అనుమానించవచ్చు.

నిత్య సంరక్షణ

ఇంజను ఆయిలును వారానికొకసారి చూడవలెను. ఆయిలు మార్చిన తరువాత తలభాగానికి వెళ్లే ఆయిలు పైపు బోల్టును కొద్దిగా వదులు చేసి, ఇంజను నడుస్తుండగా ఆయిలు వస్తున్నదో లేదో గమనించి మరల బిగించవలెను. ఆయిలు పైకి చేరకపోతే ఇంజను త్వరలోనే పాడవుతుంది. ట్యాపెట్లను చల్లని ఇంజను మీదనే సరిచేయవలెను. పుష్‌రాడ్ వేళ్లతో తేలికగా తిరగవలెను, పైకి కిందికి ఆడరాదు.

నేటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తున్నది. అది తేమను పీల్చుకొంటుంది, పాత రబ్బరు గొట్టాలను చెడగొడుతుంది. బండిని చాలా రోజులు నిలిపితే కార్బురేటరు గిన్నెను ఖాళీ చేయవలెను. గొట్టాలు మెత్తబడినా, పగిలినా వెంటనే మార్చవలెను.

కొనుగోలుదారులకు, డీలర్లకు

ఇంజను, ఛాసిస్ నంబర్లను ఆర్.సి.తో సరిపోల్చనిదే బయానా ఇవ్వరాదు. 15 సంవత్సరాలు దాటిన బండికి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ జరిగినదో లేదో చూడవలెను. ఆర్.సి.లో బ్యాంకు పేర హైపోథికేషన్ ఉంటే, అప్పు తీరిన పిదప బ్యాంకు నుండి నిరభ్యంతర పత్రం, ఫారం 35 పొంది రవాణా కార్యాలయంలో తొలగించుకోవలెను. ఈ పని చేయకుంటే, బాకీ పైసా లేకున్నా బండి అమ్మకం ఆగిపోతుంది.

పాత బండి చౌకగా దొరుకుతుంది గాని మరమ్మతు ఖర్చు కొనసాగుతుంది. వాయిదాతోపాటు ప్రతి నెలా కొంత సొమ్మును దానికై వేరుగా ఉంచుకొన్నవారు ఖాతాలో, దారిలో కూడా వెనుకబడరు.