హాబీ మిల్లింగ్ మిషన్‌ను సీఎన్‌సీగా మార్చారా? మొదటి కట్‌కు ముందు ఇవి చూసుకోండి

ఫోన్ రివ్యూల్లో "సీఎన్‌సీ మిల్లింగ్ చేసిన అల్యూమినియం బాడీ" అనే మాట మీరు చాలాసార్లు చదివే ఉంటారు. 2008లో యాపిల్ మ్యాక్‌బుక్‌లు, 2013లో హెచ్‌టీసీ వన్ ఈ మాటతోనే బాగా ప్రచారం చేసుకున్నాయి. పద్ధతి సింపుల్: ఒక అల్యూమినియం ముక్కను బిగించి, గిర్రున తిరిగే కట్టర్‌తో అక్కర్లేని లోహాన్ని చెక్కేయడమే. ఫ్యాక్టరీల్లో ఆ పని చేసే మిషన్లు ఇంట్లో పెట్టుకునేవి కావు. కానీ బల్ల మీద పట్టే చిన్న మిల్లింగ్ మిషన్‌కు మోటార్లు తగిలించి అదే పని చిన్న సైజులో చేసుకోవచ్చు. చైనాకు చెందిన సీగ్ కంపెనీ ఎక్స్2 మోడల్ దీనికి బాగా పేరున్న మిషన్. అదే మిషన్ వేరే రంగుల్లో, వేరే బ్రాండ్ పేర్లతో కూడా దొరుకుతుంది.

మోటార్లు ఎలా బిగించాలో ఇక్కడ చెప్పడం లేదు. బ్రాకెట్, కప్లింగ్, నాలుగు బోల్టులు... ఆ వీడియోలు బోలెడు ఉన్నాయి. బిగించడం అయిపోయాక, మొదటి కట్ వేసే లోపల చేయాల్సిన పని గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. నన్నడిగితే అసలు సీఎన్‌సీ మొదలయ్యేది అక్కడే.

కంప్యూటర్‌కు ఏమీ కనబడదు

ఇంట్లో 3డీ ప్రింటర్ ఉన్నవాళ్లకు సగం విషయం ముందే తెలుసు. చాలా ప్రింటర్లలో ఉండే మార్లిన్ ఫర్మ్‌వేర్ మూలాల్లో జీఆర్‌బీఎల్ కూడా ఉంది. ఆ జీఆర్‌బీఎల్‌నే ఆర్డుయినో ఊనో బోర్డులో వేసి మిల్లింగ్ మిషన్ నడపొచ్చు. మోటార్లూ అదే జాతి: స్టెప్పర్ మోటార్. ఒక్కో స్టెప్‌కు 1.8 డిగ్రీలు, అంటే చుట్టుకు 200 స్టెప్పులు. మిల్లుకు నెమా 23 సైజు వాడతారు, ప్రింటర్‌లో ఉండే నెమా 17 కంటే పెద్దది.

తేడా ఎక్కడంటే, ప్రింటర్ నాజిల్‌కు ఎదురు తిరిగేది ఏమీ ఉండదు. మిల్లులో కట్టర్‌ను లోహం వెనక్కి నెడుతుంది. స్టెప్పర్‌కు "200 స్టెప్పులు వెయ్" అని చెబితే, అది నిజంగా వేసిందో లేదో కంట్రోలర్‌కు తెలియదు. మోటార్ ఎక్కడైనా ఆగిపోయినా, స్క్రూ లూజుగా ఉండి టేబుల్ కదలకపోయినా, స్క్రీన్ మీద మాత్రం ఎక్స్ 20.000 అని నిమ్మళంగా చూపిస్తుంది. స్క్రీన్ మీద అంకె, టేబుల్ ఉన్న చోటు ఒకటే అయ్యేలా చూసుకోవడం మీ పని. అందుకే కంట్రోలర్‌కు ముందే ఒక డయల్ ఇండికేటర్, దాన్ని నిలబెట్టే మ్యాగ్నెటిక్ స్టాండ్ కొనుక్కోమంటాను. 0.01 మి.మీ. చూపించే మామూలుది చాలు.

స్టెప్పుల లెక్క

మీ స్క్రూ ఒక చుట్టుకు టేబుల్‌ను 2 మి.మీ. కదిలిస్తుందనుకుందాం. డ్రైవర్ మీద చిన్న స్విచ్‌లతో 8 మైక్రోస్టెప్పులు పెట్టారు. 200 × 8 = 1600 పల్సులకు 2 మి.మీ., అంటే మి.మీ.కు 800. జీఆర్‌బీఎల్‌లో $100 (ఎక్స్), $101 (వై), $102 (జెడ్) అనే సెట్టింగుల్లో ఈ అంకె వేయాలి. చుట్టుకు 5 మి.మీ. కదిలించే 1605 బాల్ స్క్రూ అయితే అది 320 అవుతుంది. ఊనో మీద జీఆర్‌బీఎల్ సెకనుకు 30,000 పల్సుల వరకూ ఇవ్వగలదు. 800 లెక్కన నిమిషానికి 2250 మి.మీ. వేగం. ఇంత చిన్న మిషన్‌కు అది అవసరం కంటే ఎక్కువే.

ఒక మాట. ప్రింటర్ అలవాటుతో చాలామంది 50 మి.మీ. కదిలించి, కొలిచి, 49.85 వస్తే ఈ అంకెను పెంచేస్తారు. మిల్లులో అలా చేయకండి. ఆ 0.15 చాలాసార్లు స్టెప్పుల తప్పు కాదు, స్క్రూలో ఉన్న లూజు. అంకె మార్చి దాన్ని దాచేస్తే 50 దగ్గర సరిపోతుంది, 10 దగ్గరా 100 దగ్గరా తప్పుతుంది. అంకెను స్క్రూ పిచ్ నుంచి లెక్కగట్టండి, అక్కడితో వదిలేయండి.

అసలు శత్రువు: బ్యాక్‌లాష్

హ్యాండ్‌వీల్‌ను కుడికి తిప్పి ఆపండి. ఇప్పుడు ఎడమకు తిప్పితే మొదట కొంచెం దూరం వీల్ మాత్రమే తిరుగుతుంది, టేబుల్ కదలదు. బాలానగర్‌లోనో ఆటోనగర్‌లోనో ఏ లేత్ షాపులో అడిగినా "స్క్రూలో ప్లే ఉంది" అంటారు. అదే బ్యాక్‌లాష్. చేత్తో నడిపే మేస్త్రీకి ఇది పెద్ద సమస్య కాదు. ఎప్పుడూ ఒకే వైపు నుంచి కొలతకు వస్తాడు, ప్లే తీసేసి మొదలుపెడతాడు. కంప్యూటర్‌కు ఆ తెలివి లేదు.

కొలవడం తేలిక. ముందు జిబ్ స్క్రూలు సరిచూడండి. జిబ్ అంటే టేబుల్ జారే గాడిలో పక్కన ఉండే సన్నని పట్టీ. టేబుల్ పక్కలకు ఊగకూడదు, అలాగని పట్టేయకూడదు. తర్వాత డయల్ ఇండికేటర్‌ను టేబుల్‌కు ఆనించి, ఒకే దిశలో 1 మి.మీ. జరిపి డయల్‌ను సున్నా చేయండి. అదే దిశలో ఇంకో 1 మి.మీ. వెళ్లి, వెనక్కి 1 మి.మీ. రండి. డయల్ సున్నాకు ఎంత తక్కువలో ఆగిందో అదే మీ బ్యాక్‌లాష్. టేబుల్ మధ్యలో ఒకసారి, చివర్లలో ఒకసారి కొలవండి. పాత మిషన్లలో స్క్రూ మధ్య భాగమే ఎక్కువ అరుగుతుంది కాబట్టి అంకెలు వేరేగా వస్తాయి.

0.15 వచ్చిందనుకోండి. గుండ్రని రంధ్రం చెక్కితే, ఎక్స్ గానీ వై గానీ దిశ మార్చుకునే నాలుగు చోట్ల చిన్న మెట్టులాంటి మచ్చలు పడతాయి. సాఫ్ట్‌వేర్‌తో సరిచేయొచ్చు కదా అంటారా? మాక్3లో, లైనక్స్‌సీఎన్‌సీలో బ్యాక్‌లాష్ సెట్టింగ్ ఉంది. జీఆర్‌బీఎల్‌లో లేదు. ఉన్నా సగం రోగానికే మందు. దిశ మారినప్పుడు మోటార్ ఆ 0.15 అదనంగా తిరుగుతుంది, నిజమే. కానీ కట్టర్ టేబుల్‌ను లాగితే?

కట్టర్ పళ్లు టేబుల్ కదిలే దిశలోనే ముక్కను లాగే పద్ధతిని క్లైంబ్ మిల్లింగ్ అంటారు. ఎదురు దిశలో అయితే కన్వెన్షనల్. క్లైంబ్‌లో ఫినిష్ బాగుంటుంది కాబట్టి ఆటోడెస్క్ ఫ్యూజన్‌లో కాంటూర్ టూల్‌పాత్ డిఫాల్ట్‌గా దానికే ఉంటుంది. స్క్రూలో ప్లే ఉన్న మిషన్ మీద అలాగే నడిపితే, కట్టర్ టేబుల్‌ను ఆ ప్లే మేర ఒక్కసారిగా లోపలికి గుంజుకుంటుంది. పల్చని 3 మి.మీ. కట్టర్ టక్కున విరిగేది ఇలాగే. కాబట్టి మామూలు స్క్రూలతో ఉన్నన్నాళ్లూ కన్వెన్షనల్‌కు మార్చుకోండి.

మరి మొదటి రోజే బాల్ స్క్రూలు వేసేయాలా? ఎక్స్, వై లకు డబ్బుంటే వేయండి, చాలా తేడా కనబడుతుంది. జెడ్‌కు వేసేముందు మాత్రం ఆగండి. మామూలు స్క్రూ బరువుకు సాధారణంగా దానంతట అది తిరగదు, బాల్ స్క్రూ తిరుగుతుంది. కరెంటు పోతే మోటార్ పట్టు వదులుతుంది, హెడ్ మొత్తం కిందికి దిగుతుంది. కింద మీ చెయ్యి ఉండొచ్చు. బరువును మోసే గ్యాస్ స్ట్రట్ గానీ, బ్రేక్ ఉన్న మోటార్ గానీ లేకుండా జెడ్‌కు బాల్ స్క్రూ వద్దు. మన దగ్గర కరెంటు సంగతి తెలిసిందేగా.

ఎర్ర బటన్ ఏం ఆపుతుంది?

ఎమర్జెన్సీ స్టాప్ చాలా కన్వర్షన్లలో ఉత్తి అలంకారం. బటన్ వైరు ఆర్డుయినోకు వెళుతుంది, కదలిక ఆగుతుంది, స్పిండిల్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. కారణం, ఈ చిన్న మిషన్లలో స్పిండిల్‌కు దాని సొంత స్విచ్ ఉంటుంది, కంప్యూటర్‌తో సంబంధం లేదు. బటన్ నొక్కితే స్పిండిల్‌కు, మోటార్ డ్రైవర్లకు వెళ్లే కరెంటు కాంటాక్టర్ ద్వారా నేరుగా తెగాలి. సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడకూడదు. ఈ ఒక్క వైరింగ్ తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చేయించండి, ఎర్తింగ్ కూడా అప్పుడే చెక్ చేయించండి. ఇదే కారణంగా ప్రోగ్రామ్‌లో ఎం3 అని ఉన్నా స్పిండిల్ తిరగదు. మీరే ఆన్ చేయాలి. మర్చిపోతే తిరగని కట్టర్ ముక్కలోకి దూసుకెళ్తుంది.

పవర్ ఆన్‌లో ఉండగా స్టెప్పర్ వైరు పీకకండి, డ్రైవర్ కాలిపోతుంది. గ్లవ్స్ వేసుకోకండి, తిరిగే కట్టర్‌కు బట్ట చిక్కితే చెయ్యి కూడా వెళుతుంది. కళ్లద్దాలు తప్పనిసరి. అల్యూమినియం రజను కరెంటును పంపుతుంది, కాబట్టి బోర్డులు మూత ఉన్న డబ్బాలోనే ఉండాలి.

గాల్లో ఒకసారి, చెక్క మీద ఒకసారి

మొదటి ప్రోగ్రామ్ చేత్తో రాయండి. జీ21 అంటే మి.మీ.ల లెక్క, జీ90 అంటే సున్నా నుంచి కొలిచే స్థానాలు. "జీ1 ఎక్స్20 ఎఫ్150" అంటే ఎక్స్ 20 దగ్గరకు నిమిషానికి 150 మి.మీ. వేగంతో వెళ్లమని. ఇలాంటివి నాలుగు లైన్లు రాస్తే 20 మి.మీ. చతురస్రం అవుతుంది. కట్టర్ తీసేసి, దాని చోట పెన్ను పెట్టి కాగితం మీద గీయించండి.

తర్వాత స్టెప్పులు పోతున్నాయో లేదో పరీక్ష. డయల్‌ను సున్నా చేసి, టేబుల్‌ను ఫుల్ స్పీడులో 20 సార్లు అటూ ఇటూ తిప్పి, మొదట వచ్చిన దిశ నుంచే మళ్లీ సున్నాకు రప్పించండి. డయల్ సున్నా చూపకపోతే $120 నుంచి $122 దాకా ఉన్న యాక్సిలరేషన్‌ను సగానికి దించి మళ్లీ చూడండి. గరిష్ఠ వేగం ($110) తగ్గించాల్సి రావొచ్చు. స్పీడు పెరిగేకొద్దీ స్టెప్పర్ బలం తగ్గుతుంది. అదే మోటార్ 24 వోల్టుల మీద కంటే 36 మీద వేగంగా నడిచేది అందుకే. డ్రైవర్ ఎంత వరకు తట్టుకుంటుందో చూసుకుని సప్లై ఎంచుకోండి.

చెక్క మీద సరిగ్గా వచ్చాక అల్యూమినియం. 6 మి.మీ., రెండు పళ్ల హెచ్‌ఎస్‌ఎస్ ఎండ్‌మిల్, 2500 ఆర్‌పీఎం అనుకుంటే, ఒక్కో పన్ను 0.03 మి.మీ. కొరకాలి. 2500 × 2 × 0.03 = నిమిషానికి 150 మి.మీ. లోతు 0.5 మి.మీ.తో మొదలుపెట్టండి. భయపడి ఫీడ్ మరీ తగ్గిస్తే కట్టర్ కొయ్యడం మానేసి రుద్దుతుంది, అల్యూమినియం వేడెక్కి పళ్లకు అంటుకుంటుంది. బ్రష్‌తో రెండు చుక్కల కిరసనాయిలు వేస్తుంటే అంటుకోదు. నిప్పు దగ్గర లేకుండా చూసుకోండి. రజను పొడిలా కాకుండా చిన్న చిన్న పెళుసుల్లా రాలుతుంటే వేగం సరిపోయినట్టే. కట్ పూర్తయ్యాక ముక్కను వైస్‌లోంచి తీయకముందే, టేబుల్‌ను సున్నాకు రప్పించి డయల్ మరోసారి చూడండి.