కింది చక్రం సంగతి

చిక్కడపల్లి,
ఆదివారం

చి. మేనకోడలికి,

అశోక్‌నగర్ హాస్టల్లో ఏఈఈ పరీక్షకు చదువుతూ రోలర్ కోస్టర్ చక్రాల గురించి అడిగావని మీ అత్తయ్య నవ్వింది. నవ్వనీ. రైడ్ల మెయింటెనెన్స్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపు రావడం చిన్న విషయమేం కాదు. లాలాగూడ వర్క్‌షాపులో రైలు చక్రాలతోనే నా సర్వీసంతా గడిచింది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

చిక్కడపల్లిలో మెట్రో ఎక్కుతావు గానీ దాని చక్రం నీకు కనబడదు, ప్లాట్‌ఫాం చాటున ఉంటుంది. నారాయణగూడలో దిగి కాచిగూడ రైల్వే స్టేషన్ దాకా వెళ్లు. అవతలి లైన్లో ఆగిన రైలును ప్లాట్‌ఫాం మీంచే గమనించు. చక్రానికి లోపలివైపు ఒక అంచు ఉంటుంది, ఫ్లాంజ్ అంటాం. బరువు మోసేదీ, పట్టా తప్పకుండా కాసేదీ ఆ ఒక్క చక్రమే. పైకి లేవకుండా ఆపే ఏర్పాటంటూ ఏదీ ఉండదు. రైలుకు దాని బరువే చాలు.

కోస్టర్‌కు ఆ ధీమా లేదు. అందుకే గొట్టంలాంటి దాని పట్టాను మూడు వైపుల నుంచి పట్టుకుంటారు. పైన నడిచేది రోడ్ వీల్. పక్కన ఉండేది గైడ్ వీల్, దాన్నే సైడ్ ఫ్రిక్షన్ అనీ అంటారు. కిందది అప్‌స్టాప్, దానికి అండర్ ఫ్రిక్షన్ అని ఇంకో పేరు. మూడింటినీ కలిపి బిగించిన ఉక్కు చట్రం వీల్ క్యారియర్. కొందరు బోగీ అంటారు. మనవాళ్లకు బోగీ అంటే పెట్టె మొత్తం, కాబట్టి ఇంటర్వ్యూలో ఆ మాట చూసి వాడు. పట్టా మెలి తిరిగిన చోట ఈ చట్రం కూడా దానితోపాటు ఒరగాలి, తిరగాలి. లేకపోతే భారమంతా ఏ ఒక్క చక్రం మీదో పడుతుంది.

ఈ పేర్లలో కొంత చరిత్ర ఉంది. అమెరికాలో పెన్సిల్వేనియాలోని లీప్ ద డిప్స్ కోస్టర్ 1902 నాటిది. దానికి కింది చక్రాలే లేవు, పక్క చక్రాలతోనే నడిచేలా కట్టారు. ఆ రకాన్నే సైడ్ ఫ్రిక్షన్ కోస్టర్ అంటారు. ఎగిరిపడే ప్రమాదం ఉంది కనుక దాని వాలు తక్కువగానే ఉంటుంది. 1919లో జాన్ మిల్లర్ కింది చక్రానికి పేటెంట్ తీసుకున్నాకే నిటారు వాలులు కట్టే ధైర్యం వచ్చింది.

లూప్ పైభాగంలో బండి తలకిందులైనప్పుడు బరువు ఏ చక్రాలు మోస్తాయి? ఇది తప్పకుండా అడుగుతారనుకో. కింది చక్రాలని చాలామంది గబుక్కున చెప్పేస్తారు. సరిపడా వేగం ఉన్నంతసేపూ బండి పట్టాకే ఒత్తుకుంటుంది, అక్కడా మోసేవి రోడ్ వీల్సే. కింది చక్రాలకు అసలు పని పడేది గుట్ట శిఖరం మీద, నీ ఒళ్లు సీటు నుంచి లేచినప్పుడు. నీతోపాటు బండీ లేవబోతుంది మరి. లూప్‌లో వేగం చచ్చినా భారం వాటిదే. రావిర్యాలలో వండర్‌లా 2016లో తెరిచారు, అక్కడి రికాయిల్ కోస్టర్ ఎక్కి చూడు. అది లూప్ తిరిగి వెళ్లి, అదే దారిన వెనక్కొస్తుంది. భయం తగ్గాక రెండోసారి ఎక్కు, మొదటిసారి ఎవరికీ ఏమీ తెలియదు.

ఇప్పుడు అసలు విషయం. ఇప్పటి చక్రాలు చాలావరకు అల్యూమినియం, పైన పాలీయురేథేన్ పొర. గట్టి పొరైతే వేగం, మెత్తదైతే కుదుపు తక్కువ. బరువు కింద నలిగి నలిగి అది వేడెక్కుతుంది, మితిమీరితే అతుకు వదులుతుంది. రోడ్ వీల్ చెడితే కుదిపి, చప్పుడు చేసి తనే చెబుతుంది. కింది చక్రం అలా కాదు. చాలా డిజైన్లలో అది పట్టాకు కొన్ని మిల్లీమీటర్ల ఎడంలో, రౌండులో ఎక్కువసేపు ఊరికే ఉంటుంది. చెడినా ఎక్కినవాళ్లకు తెలియదు. బండి ఆపి, లాక్ చేసి, చేత్తో తిప్పి చూడాలి. బేరింగ్ గరగరమంటోందేమో వినాలి. ఫీలర్ గేజ్‌తో సందు కొలవాలి. పై చక్రం అరిగితే చట్రం కిందికి దిగుతుంది, కింద సందు పెరుగుతుంది. కాబట్టి పైది మార్చిన రోజున కిందది కొలవకుండా సంతకం పెట్టకు.

రిజిస్టర్లో వాడుక పేర్లు రాయొద్దు. తయారీదారు మాన్యువల్లో ఉన్న పేరు, పార్ట్ నంబరు రాయి. ముందుకూ వెనక్కూ నడిచే బండికి ఎడమేది, కుడేది? స్టేషన్ నుంచి బయల్దేరే దిక్కును బట్టి ఒకసారి తేల్చుకుని, అందరూ దానికే కట్టుబడేలా చూడు. ఎన్నో పెట్టె, ఏ ఇరుసు, ఏ పక్క, ఏ చక్రం, ఈ నాలుగూ లేని ఎంట్రీని షిఫ్టు మారాక వచ్చినవాడు తనకు తోచినట్టు అర్థం చేసుకుంటాడు.

చివర్లో వాళ్లు నిన్నేమైనా అడగమంటారు. ఇరుసుల్లో పగుళ్ల కోసం మాగ్నెటిక్ పార్టికల్ పరీక్ష ఎన్నాళ్లకోసారి చేస్తారు, ఆ రికార్డు చూడొచ్చా అని అడుగు. జవాబులో నసిగితే జీతం ఎంత చెప్పినా చేరొద్దు.

మీ మామయ్య