కృదంతాలు

సంస్కృతంలో క్రియకు మూలమైన రూపాన్ని ధాతువు అంటారు. ధాతువుకు చేరి నామవాచకాలను, విశేషణాలను కల్పించే ప్రత్యయాలకు కృత్తులని పేరు. అవి అంతమందు గల పదాలు కృదంతాలు. పాణిని అష్టాధ్యాయి మూడవ అధ్యాయంలో వీటిని వివరించాడు. ‘కృత్’ అనే పేరు సైతం ‘కృ’ ధాతువు నుండి పుట్టిన కృదంతమే కావడం విశేషం.

‘కృ’ అనగా చేయు. చేయువాడు కర్త. చేయుటకు సాధనమైనది కరణం. చేయబడినది కృతం. చేయవలసినది కార్యం, కర్తవ్యం, కరణీయం అనేవీ ఈ అర్థంలోనివే. ప్రత్యయాన్ని బట్టి ధాతువులోని అచ్చు మారుతుంది. ‘కృతం’లో ఋకారం అట్లే నిలిచింది. ‘కర్త’లో గుణం వచ్చి ‘అర్’ అయింది. ‘కార్యం’లో వృద్ధి వచ్చి ‘ఆర్’ అయింది. ‘పఠ్’ ధాతువు నుండి పఠనం, పఠితం, పఠనీయం, పాఠకుడు ఏర్పడ్డాయి. ‘పాఠకుడు’ చివరనున్న ‘డు’ మాత్రం తెలుగు ప్రత్యయం.

ధాతువును గుర్తించకపోతే ఒక్కొక్కప్పుడు అర్థం తలక్రిందులవుతుంది. కృతజ్ఞుడు, కృతఘ్నుడు అనే పదాలనే చూడండి. రెండింటిలోనూ ‘కృతం’ అంటే చేయబడిన మేలు. మొదటిదానిలో తెలియు అనే అర్థం గల ‘జ్ఞా’ ధాతువున్నది. రెండవదానిలో చంపు అనే అర్థం గల ‘హన్’ ధాతువు ‘ఘ్న’గా మారింది. మేలును ఎరిగినవాడు కృతజ్ఞుడు. దానిని చంపినవాడు కృతఘ్నుడు. ఉపకారం చేసిన పెద్దలకు లేఖ వ్రాస్తూ ‘కృతఘ్నతలు’ అన్న విద్యార్థి తన్ను తానే నిందించుకొన్నవాడవుతాడు.