పట్టా చేతికొచ్చింది... ఇక చెయ్యి తిరగాలి!

రాత్రి పదకొండు దాటాక ఫోన్. "సార్, గేదె నిన్ననే ఈనింది. సాయంత్రం నుంచి లేవట్లేదు. మెడ పక్కకు తిప్పేసుకుని పడుంది."

పాలజ్వరమని మీకు ఫోన్‌లోనే అనుమానం వస్తుంది. పరీక్షలో దాని మీద రెండు పేజీలు రాసే ఉంటారు. కానీ పాకలో కథ వేరు. సెల్‌ఫోన్ వెలుగులో మెడ నరం దొరకాలి. చెవులు చల్లబడ్డాయేమో చూసుకోవాలి. కాల్షియం సీసా ఎక్కిస్తున్నంతసేపూ స్టెతస్కోప్ గుండె మీదే ఉండాలి, ఎందుకంటే మందు వేగంగా వెళ్తే గుండె ఆగిపోవచ్చు. లయ తప్పితే వెంటనే ఆపాలి. చుట్టూ ఇంటిల్లిపాదీ నిలబడి మీ ముఖంలోకే చూస్తుంటారు. కాసేపటికి గేదె ఒళ్లు వణుకుతుంది, త్రేనుస్తుంది, పేడ వేస్తుంది, ముందుకాళ్లు కూడదీసుకుంటుంది. ఆ రాత్రి మీరు నిజంగా డాక్టరవుతారు.

ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల బీవీఎస్సీ అండ్ ఏహెచ్ చదువు చికిత్స చేసే హక్కునిస్తుంది. చేతికి నమ్మకాన్నిచ్చేది మాత్రం తొలి ఏడాది. అందుకే మొదటి ఉద్యోగాన్ని జీతం చూసి కాదు, పక్కనుండే సీనియర్‌ను చూసి ఎంచుకోండి.

ముందు రిజిస్ట్రేషన్

ఇంటర్న్‌షిప్ తాత్కాలిక రిజిస్ట్రేషన్‌తో నడుస్తుంది. అది ముగియగానే రాష్ట్ర పశువైద్య మండలిలో శాశ్వత రిజిస్ట్రేషన్ చేయించుకోండి. ఇది 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం తప్పనిసరి. ఆ నంబరు లేకుండా 'స్నేహితుడి క్లినిక్‌లో రెండు నెలలు చూసుకుందాం' అనుకోవడం మంచిది కాదు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1962 సంచార పశువైద్య వాహనాలున్నాయి. ఊరూరా తిరుగుతూ రకరకాల కేసులు చూడాలనుకునే వారికి ఇవి మంచి బడి. శస్త్రచికిత్స మీద మనసుంటే వీధికుక్కల సంతాన నియంత్రణ కేంద్రాల్లో చెయ్యి త్వరగా కుదురుతుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో పెంపుడు జంతువుల క్లినిక్‌లు, కోళ్ల పరిశ్రమ, డెయిరీలు, సైన్యంలోని రిమౌంట్ వెటర్నరీ కోర్ కూడా దారులే. వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ నోటిఫికేషన్ కోసమో, పీజీ ప్రవేశ పరీక్ష కోసమో చదువుతున్నా వారానికి రెండు రోజులైనా కేసులు చూడండి. ఖాళీగా ఉన్న చెయ్యి నేర్చుకున్నది కూడా మరిచిపోతుంది.

ఇంటర్వ్యూలో మీరూ మూడు ప్రశ్నలు అడగండి. కేసు చిక్కుముడి పడితే ఎవరికి ఫోన్ చేయాలి? తొలి ఆపరేషన్లలో పక్కన ఎవరుంటారు? రాత్రి డ్యూటీ ఎన్ని రోజులు? మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే ఆ చోటు గురించి మరోసారి ఆలోచించండి.

తొలి ఏడాది పాఠాలు

చూడి పరీక్ష ఒక్కటి బాగా వస్తే పాడి రైతు మిమ్మల్ని వదలడు. చూసిన ప్రతి పశువునూ నోటుబుక్కులో రాసుకోండి: ఏమనుకున్నారు, ఏమిచ్చారు, చివరికేమైంది. 'రెండు నెలల చూడి' అని చెప్పిన గేదె తర్వాత ఎదకొస్తే అదీ రాయండి. ఆ పుస్తకమే మీ రెండో గురువు.

ఈనలేక అవస్థపడే గేదెలో గర్భసంచి మెలిపడిందేమో ముందే చూడండి. మెలి విప్పకుండా దూడను లాగితే తల్లికే ప్రమాదం. అరగంట ప్రయత్నించినా పని ముందుకు సాగకపోతే సీనియర్‌కు ఫోన్ చేయండి. అడగడం చిన్నతనం కాదు, ఆలస్యం చేయడమే తప్పు.

రైతుతో మాట

గేదె అంటే ఆ ఇంటికి నెలనెలా వచ్చే ఆదాయం. అందుకే సూది వేయకముందే బతికే అవకాశమెంతో, ఖర్చెంతవుతుందో చెప్పండి. "కష్టమే, అయినా ప్రయత్నిద్దాం" అని ముందే చెప్పిన డాక్టర్‌ను పశువు పోయినా రైతు మళ్లీ పిలుస్తాడు. మీకంటే ముందు వైద్యం చేసిన గోపాలమిత్రను రైతు ఎదుట తక్కువ చేయకండి. తప్పుంటే విడిగా చెప్పండి. రేపు అదే ఊరి నుంచి మీకు కేసు పంపేది ఆయనే.

మీ ఒంటి రక్షణ

"సొంగ కారుస్తోంది సార్, గొంతులో ఏదో ఇరుక్కుంది, ఒక్కసారి చెయ్యి పెట్టి చూడండి" అంటారు. అది రేబిస్ కావచ్చు. గ్లవుజు లేని చేతిని ఆ నోట్లో పెట్టకండి. పనిలో చేరకముందే 0, 7, ఆపై 21 లేదా 28వ రోజున మూడు డోసుల ముందస్తు టీకా పూర్తిచేయండి. మాయ తీసేటప్పుడు, ఈసుకుపోయిన పశువును ముట్టుకునేటప్పుడు భుజం దాకా గ్లవుజు తప్పనిసరి. బ్రూసెల్లా మనిషికి అంటితే జ్వరం, కీళ్లనొప్పులు నెలల తరబడి వదలవు. పెయ్యదూడలకు వేసే బ్రూసెల్లా టీకాలో ఉండేది సజీవ సూక్ష్మజీవే. ఆ సూది వేలికి గుచ్చుకున్నా వెంటనే డాక్టర్‌ను కలవండి.

మందు చీటీ బాధ్యత

పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని 2006లోనే నిషేధించారు. ఆ మందు పడిన కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చనిపోయాయి. 2023లో ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్‌లనూ ఆపారు. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ ఉంది. మనుషులకు ఆఖరి ఆసరాగా దాచుకోవాల్సిన కొలిస్టిన్‌ను 2019 నుంచి ఆహార పశువులకు వాడకూడదు. పొదుగువాపుకు యాంటిబయోటిక్ ఇచ్చినప్పుడు, ఎన్ని రోజులు పాలు కేంద్రానికి పోయకూడదో చీటీ మీద రాసి, నోటితోనూ చెప్పండి. ఆ పాలు తాగేది ఎవరింట్లోనో పసిపాపే.

తొలి ఏడాదిలో కొన్ని పశువులు మీ చేతుల్లోనే పోతాయి. ఆ రాత్రి నిద్ర పట్టదు. పొద్దున్నే సీనియర్ దగ్గర కూర్చుని ఎక్కడ తప్పిందో మాట్లాడండి, ఒక్కరే మోయకండి. తన నొప్పిని చెప్పుకోలేని ప్రాణి మీ చేతినే నమ్ముకుంటుంది. తొలి జీతం ఎంతైనా, ఆ చేతికి మంచి గురువును వెతికిపెట్టండి.