ఆరోగ్య సమాచారము వికలాంగులకు అందుట ఎట్లు?

వ్యాధి వచ్చిన పిమ్మట చేయు చికిత్స ఎంత ముఖ్యమో, దానిని గూర్చి తెలియవలసిన విషయము సకాలమున తెలియుటయు అంత ముఖ్యము. 1994వ సంవత్సరము సెప్టెంబరు మాసమున సూరతు నగరములో ప్లేగు వ్యాపించినదను వార్త పుట్టగానే లక్షలాది ప్రజలు నగరమును విడిచిపోయిరి. టెట్రాసైక్లిన్ మాత్రలకై జనులు మందుల దుకాణములపై విరుచుకుపడిరి. సకాలమున మందు వాడినచో ఈ వ్యాధి నయమగునను సత్యము కంటె వదంతియే వేగముగా పరుగెత్తెను.

నేడు టీకాల తేదీలు, ఆసుపత్రి వేళలు, వ్యాధుల హెచ్చరికలు వెబ్‌సైట్ల మూలమున చేతిలోని ఫోనుకు చేరుచున్నవి. అయితే వెబ్‌సైటులో ఉంచినంత మాత్రమున సమాచారము అందరికిని అందినట్లు కాదు. చూపు లేనివారికి, వినికిడి లేనివారికి, చేతులు స్వాధీనములో లేనివారికి అది అందినదా యని విచారింపవలెను.

సూరతులోని తెలుగువారు

తపతీ నదీతీరమునందలి సూరతు వస్త్ర పరిశ్రమకు పేరుగాంచినది. తెలంగాణ జిల్లాల నుండి నేతపనివారు పలువురు ఇచటికి వలసవచ్చి లింబాయతు మొదలగు ప్రాంతములలో స్థిరపడిరి. వీరి పిల్లల కొరకు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను కూడ నెలకొల్పినది.

మరమగ్గముల రొదలో ఏండ్ల తరబడి పనిచేసినవారికి వినికిడి క్రమముగా తగ్గును. అదుపు తప్పిన మధుమేహము దృష్టిని హరించును. కావున వైకల్యము పుట్టుకతో మాత్రమే వచ్చునది కాదు. శ్రమ వలనను, వ్యాధి వలనను, వార్ధక్యము వలనను అది ఏ ఇంటికైనను రావచ్చును. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున వికలాంగుల సంఖ్య 2 కోట్ల 68 లక్షలు. పరభాషా ప్రాంతమున నివసించు తెలుగు వికలాంగునికి భాష యొక అడ్డంకి కాగా, తనకు పనికిరాని రీతిలో కూర్చిన పుట రెండవ అడ్డంకి యగుచున్నది.

ఒక ప్రకటన – పలు అడ్డంకులు

దక్షిణ గుజరాతులో వానకాలమున లెప్టోస్పైరోసిస్ అను జ్వరము వచ్చుచుండును. ఎలుకల మూత్రముతో కలుషితమైన నీటిలోని సూక్ష్మజీవులు కాళ్ల పగుళ్ల ద్వారా, గాయముల ద్వారా శరీరమున ప్రవేశించును. జ్వరము, పిక్కల నొప్పి, కన్నులు ఎర్రబారుట దీని లక్షణములు. చికిత్స ఆలస్యమైనచో మూత్రపిండములు దెబ్బతిని ప్రాణాపాయము కలుగవచ్చును. ఈ విషయములను తెలుపు ప్రకటన యొకటి వెబ్‌సైటులో ఉంచిరని అనుకొందము.

అంధుడు ఫోనులోని స్క్రీన్ రీడరు సాయముతో పుటను వినును. అక్షరములను చదివి పలుకుట ఈ సాధనము పని. ప్రకటనను ఫొటోగా ఉంచినచో అది "బొమ్మ" అని మాత్రమే పలికి ఊరకుండును. తెలుగు పుటలకు మరియొక చిక్కు కలదు. యూనికోడ్ విధానమున గాక, అచ్చుపనికై ఏర్పడిన పాత ఫాంటులలో కూర్చిన తెలుగు కంటికి ముచ్చటగా కనిపించినను, లోపల వేరు గుర్తులుగా ఉండును. స్క్రీన్ రీడరు ఆ గుర్తులనే చదువుట వలన వినువానికి అర్థము లేని ధ్వనులు మాత్రమే వినవచ్చును.

వైద్యుడు వీడియోలో ఎంత చక్కగా బోధించినను, మాటలు తెరపై అక్షరములుగా కనిపింపనిచో బధిరునికి ప్రయోజనము లేదు. పటములో ప్రమాద ప్రాంతములను ఎరుపుతోను, ఇతర ప్రాంతములను ఆకుపచ్చతోను మాత్రమే చూపినచో, ఆ రెండు రంగుల భేదము తెలియనివాడు తన పేట ఎందులో ఉన్నదో ఎరుగజాలడు. చేతులు వణకు వృద్ధురాలు చిన్న మీటను నొక్కలోపల గడువు ముగిసి పుట మాయమగును.

చట్టము ఏమి చెప్పుచున్నది?

వికలాంగుల హక్కులను గూర్చిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికను భారతదేశము 2007లో ధ్రువీకరించినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము సమాచార సాధనములు వారికి అందుబాటులో ఉండవలెనని విధించినది. ప్రభుత్వ వెబ్‌సైట్లకు 2009లో మార్గదర్శక సూత్రములు వెలువడినవి. వాని మూడవ కూర్పు 2023లో వచ్చినది.

సూత్రములున్నను ఆచరణలో లోపము కలుగవచ్చును. కోవిడ్ టీకాల నమోదుకై ఏర్పడిన కోవిన్ వెబ్‌సైటును దృష్టిలోపము గలవారు ఉపయోగించుటలో ఇబ్బందులున్నవని 2021 మే 31వ తేదీన సుప్రీంకోర్టు ఎత్తిచూపెను. డిజిటల్ సేవలు అందరికిని అందుబాటులో ఉండుట జీవించు హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30వ తేదీన అదే న్యాయస్థానము తీర్పు చెప్పెను.

చేయవలసిన పనులు

1. తెలుగు పాఠమును యూనికోడ్ అక్షరములలో ఉంచవలెను. కాగితమును ఫొటో తీసి ఉంచి ఊరకుండరాదు.

2. ప్రతి బొమ్మకును దాని భావమును తెలుపు వాక్యమును జతచేయవలెను. "బొమ్మ 3" అనుట చాలదు. "మురికినీటిలో బూట్లు ధరించి నడచుచున్న కార్మికుడు" అని వ్రాయవలెను.

3. వీడియోలలో మాటలు అక్షరరూపమున కనిపింపవలెను. వీలైనచోట భారతీయ సంజ్ఞాభాషలోను చెప్పించవలెను.

4. అక్షరమునకును వెనుకటి రంగునకును కాంతిభేదము కనీసము 4.5కు 1 నిష్పత్తిలో ఉండవలెను. అక్షరములను పెద్దవి చేసికొను వీలుండవలెను. ఏ విషయమును రంగుతో మాత్రమే తెలుపరాదు.

5. మౌసు లేకయే, కీబోర్డుతో ప్రతి పనియు జరుగవలెను. గడువు ముగియుటకు ముందు హెచ్చరించి, దానిని పొడిగించుకొను అవకాశమీయవలెను.

6. వాక్యములు చిన్నవిగా, సులభముగా ఉండవలెను. ఇది బుద్ధిమాంద్యము గలవారికే గాక, కొద్దిపాటి చదువు గలవారికిని ఉపకరించును.

పరీక్షించు విధము

వెబ్‌సైటును నిర్మించినవారు మొదట మౌసును తీసివేసి పుటను వాడి చూడవలెను. తరువాత ధ్వనిని ఆపి వీడియోను చూడవలెను. పిదప తెరను మూసి, స్క్రీన్ రీడరుతో విని, జ్వరము వచ్చినచో ఎక్కడికి పోవలెనో తెలిసినదా యని తమను తాము ప్రశ్నించుకొనవలెను. తుదకు వికలాంగుల చేతనే పరీక్ష చేయించవలెను. ఏ మెట్టు వద్ద కాలు తట్టుకొనునో నడచువారికే తెలియును గదా! లోపము కనిపించినప్పుడు పౌరులు సంబంధిత కార్యాలయమునకు తెలుపవచ్చును; సరిదిద్దనిచో వికలాంగుల కమిషనరునకు ఫిర్యాదు చేయవచ్చును.

చదివి చెప్పువారు ఇంటిలో ఉన్నారు గదా యని కొందరు అనవచ్చును. కాని రక్తపరీక్ష ఫలితమును, క్షయ చికిత్సా వివరములను, గర్భవతికి సంబంధించిన సూచనలను పొరుగువారి నోట వినవలసిన స్థితి ఎవరికిని ఇష్టము కాదు. సిగ్గుపడి అడుగక ఊరకుండినవారికి చికిత్స ఆలస్యమగును. తన దేహమును గూర్చిన విషయమును తానే, ఇతరుల సాయము లేకుండ, తన భాషలో తెలిసికొనగలుగుట ప్రతి వ్యక్తికిని గల హక్కు. ఆరోగ్య సమాచారమును సిద్ధపరచు ప్రతి ఉద్యోగియు, ప్రతి సంస్థయు ఈ హక్కును పని ప్రారంభమునందే జ్ఞప్తియందుంచుకొనవలెను.